మణికట్టుకు మారుకీలు

గాజులు తొడిగించుకునే రోజున తప్ప మణికట్టు అనేది ఒకటుందని మనకు గుర్తుకే రాదు. పొద్దున లేచి ముగ్గు వేసిన దగ్గర నుంచి రాత్రి పాలు తోడుపెట్టేదాకా దాని సాయం లేని పని ఏదన్నా ఉందేమో చెప్పండి చూద్దాం! తడిబట్ట పిండాలన్నా, మసిగుడ్డతో గిన్నె దించాలన్నా, పప్పు మెదపాలన్నా, పిల్లకు జడ వెయ్యాలన్నా, సీసా మూత తియ్యాలన్నా వేళ్ళ వెనకాల నిలబడి బలం ఇచ్చేది మణికట్టే.

"తుంటికి కొత్త కీలు వేస్తున్నారు, మోకాలికి వేస్తున్నారు. మరి కీళ్ళవాతంతో పాడైపోయిన మణికట్టుకు వెయ్యరా?" అని అడిగినవాళ్ళున్నారు. వేస్తారండీ. 1890లోనే ఒకాయన వేశాడు. కాని మోకాలి కథ సాగినంత సాఫీగా మణికట్టు కథ సాగలేదు. ఎందుకు సాగలేదో, మధ్యలో ఎవరెవరు ఏం చేశారో ఇవాళ చెప్పుకుందాం.

ముందు జబ్బు సంగతి. వయసు మీదపడి కీళ్ళు అరగడం వేరు, నేను చెప్పే కీళ్ళవాతం వేరు. డాక్టర్లు దీన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ఇది ముసలితనం కోసం కాచుకుని కూర్చోదు. ముప్ఫై, నలభై ఏళ్ళకే రావచ్చు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. పొద్దున లేచేసరికి చేతులు కొయ్యబారి ఉంటాయి. గంట గడిస్తే గాని గుప్పెట మూత పడదు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి మన కీళ్ళ మీదనే పడుతుంది. కీలు లోపల పల్చగా ఉండవలసిన పొర వాచి, బలిసి, చుట్టూ ఉన్న మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. వేళ్ళ మొదళ్ళు, మణికట్లు దానికి మొదటి నుంచీ ఇష్టమైన చోట్లు. అదీ ఒకవైపుతో సరిపెట్టదు, సాధారణంగా రెండు చేతులనూ పట్టుకుంటుంది.

ఈ జబ్బును స్పష్టంగా విడదీసి మొదట రాసింది లాండ్రే బోవే అనే ఫ్రెంచి యువకుడు. 1800లో పారిస్‌లో డాక్టరు పట్టా కోసం సమర్పించిన వ్యాసంలో రాశాడు. ఆయన చూసిన రోగులు తొమ్మండుగురు, తొమ్మండుగురూ ఆడవాళ్ళే. చూసిన చోటు సాల్‌పెత్రియేర్ ఆస్పత్రి. దిక్కూమొక్కూ లేని బీద స్త్రీలు తలదాచుకునే చోటది. ఆ రోజుల్లో కీళ్ళు వాస్తే గౌటు అనేవారు. గౌటంటే మాంసమూ మద్యమూ దండిగా పుచ్చుకునే శ్రీమంతుల జబ్బు. ఈ బీద ఆడవాళ్ళకు శ్రీమంతుల జబ్బేమిటి అనుకుని, ఇది వేరే రకమని గుర్తించాడాయన. దానికి ఆయన పెట్టిన పేరులో మాత్రం గౌటు అనే మాట పోలేదు. కీళ్ళవాతం అనగానే పుస్తకాల్లో రెన్వా అనే చిత్రకారుడి ఫొటో వేస్తారు, వేళ్ళు వంకర్లు తిరిగి, చేతులకు గుడ్డలు చుట్టుకుని ఉంటాడు. గొప్పవాడే, 1919లో పోయేదాకా బొమ్మలు వేస్తూనే ఉన్నాడు. కాని ఆ తొమ్మండుగురు ఆడవాళ్ళను తలుచుకునేవాళ్ళు తక్కువ.

గౌటును, దీన్ని పరీక్ష చేసి వేరు చేసింది లండన్‌లో గారడ్ అనే డాక్టరు. ఆయన పరీక్ష వింటే మీకు ముచ్చటేస్తుంది. దారం మీద పటికబెల్లం ఎలా పలుకులు కడుతుందో చూశారు కదూ? అలాగే రోగి రక్తంలోని పల్చని ద్రవాన్ని చిన్న పాత్రలో పోసి, అందులో ఒక నూలుపోగు వేసి ఉంచాడు. గౌటు ఉన్నవాళ్ళ పోగుకు యూరిక్ యాసిడ్ పలుకులు పట్టాయి. ఈ రెండో జబ్బువాళ్ళ పోగు శుభ్రంగా ఉంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్న పేరు 1859లో ఆయన పుస్తకంతోనే వచ్చింది.

ఇక మణికట్టు నిర్మాణం. మోకాలిలో పెద్ద ఎముకలు రెండు మూడే. ఇక్కడ అలా కాదు. మోచేతి నుంచి వచ్చే రెండు ఎముకల చివర, గచ్చకాయలంత చిన్న ఎముకలు ఎనిమిది, రెండు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కట్టిపడేసే నరాల్లాంటి కట్లు బోలెడు. పైన చర్మం పల్చన, మధ్యలో వేళ్ళకు పోయే స్నాయువులు కిక్కిరిసి ఉంటాయి. వాచిన పొర ఈ కట్లను వదులు చేసేసరికి గచ్చకాయలు చెదిరినట్టు ఎముకలు పక్కకు జారతాయి. చెయ్యి కిందికి దిగబడి, ఒకవైపుకు ఒరిగిపోతుంది. చిటికెనవేలు వైపున్న ఎముక కొస బొడిపెలాగా పైకి లేస్తుంది.

ఆ బొడిపె ఊరుకుంటుందా? ఊరుకోదు. గిలక లేని బావిలో చేదతాడు రాతి అంచుకు ఒరుసుకుని ఒరుసుకుని ఒకనాడు పుటుక్కున తెగుతుంది చూడండి, అచ్చం అలాగే వేలిని ఎత్తే స్నాయువు ఆ గరుకు ఎముక మీద రాసుకుని తెగిపోతుంది. ముందు చిటికెనవేలు వాలిపోతుంది, తరువాత ఉంగరపువేలు. 1948లో ఇంగ్లండులో వాన్ జాక్సన్ అనే సర్జన్ ఇద్దరు రోగుల్లో ఇలా తెగడం చూసి రాశాడు. అప్పటి నుంచి దానికి ఆయన పేరే పెట్టారు. అంచేత ఈ జబ్బున్న ఇంట్లో ఎవరికైనా చిటికెనవేలు ఉన్నట్టుండి ఎత్తలేక వాలిపోతే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. మిగతా వేళ్ళు తెగకముందే డాక్టరుకు చూపించండి.

ఇప్పుడు 1890కి వెళ్దాం. బెర్లిన్‌లో తెమిస్టోక్లీస్ గ్లుక్ అనే సర్జన్ ఉండేవాడు. పుట్టింది ఇప్పటి రుమేనియాలో. ఎముక పాడైతే చెయ్యో కాలో తీసెయ్యడమే వైద్యమా, పోయిన భాగాన్ని చేసి పెట్టకూడదా అన్నది ఆయన పట్టుదల. ఏనుగు దంతంతో కీళ్ళు చెక్కించాడు. ఆ ఏడాది మోకాలికీ, మణికట్టుకూ దంతపు కీళ్ళు పెట్టాడు. అవి కదలకుండా నిలవడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నురగరాయి పొడి, గుగ్గిలంలాంటి జిగురు కలిపి ముద్ద చేసి వాడాడట. ఆపరేషనైన ఏడాదికి మణికట్టు చక్కగానే కదిలింది. కాని అక్కడ పుండు పడి, రసి కారుతూ మానలేదు. కారణం కనపడుతూనే ఉంది. గ్లుక్ తీసుకున్న రోగులు కీళ్ళవాతం వాళ్ళు కారు, ఎముకల్లో క్షయ ఉన్నవాళ్ళు. క్షయకు అప్పటికి మందే లేదు. ఉన్న చీముకు పైన ఎంత అందమైన దంతం పెట్టి ఏం లాభం? బెర్లిన్ సర్జన్లలో పెద్దతలకాయ బెర్గ్‌మన్ దీనికి తీవ్రంగా అడ్డుపడ్డాడు. గ్లుక్ ఆలోచన మూలపడింది. నన్నడిగితే ఇద్దరిలోనూ కొంత న్యాయం ఉంది. పెద్దాయన రోగుల సంగతి చూశాడు, చిన్నాయన రాబోయే కాలం సంగతి చూశాడు.

తరువాత డెబ్భై ఏళ్ళకు పైగా మణికట్టుకు మారుకీలు మాట పెద్దగా లేదు. పొడుచుకొచ్చిన ఎముక కొస కోసెయ్యడం, వాచిన పొర గీకెయ్యడం, మరీ పాడైతే కీలును అతికించెయ్యడం, ఇంతే. అతికించడం అంటే మిగిలిన మృదులాస్థి తీసేసి, మోచేతి ఎముకా, మణికట్టు ఎముకలూ, అరచేతి ఎముకా కలిసి ఒకే ఎముకగా పెరిగేట్టు చెయ్యడం. 1960లు, 70లలో సన్నని లోహపు కడ్డీని లోపల నుంచి దూర్చి అతికించే పద్ధతి కీళ్ళవాతం వాళ్ళకు బాగా పనికొచ్చింది. తరువాత లోహపు పలకలూ, మరలూ వచ్చాయి. అతికిన మణికట్టు వంగదు, కాని నొప్పి పోతుంది, పట్టు గట్టిపడుతుంది. వేళ్ళు ఆడతాయి. అరచేతిని పైకీ కిందికీ తిప్పడం మోచేతి రెండు ఎముకల పని కాబట్టి, అది బాగుంటే తాళం తిప్పడానికి ఇబ్బంది ఉండదు.

మా పెద్దాడబిడ్డకు కుడిచెయ్యి ఇలాగే అతికించారు. ఆ ముందు డాక్టరుగారు ఆవిణ్ణి అడిగారు, "ఏం పని చేస్తారమ్మా?" అని. ఆవిడ ఏమంది? "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఎనిమిదిమందికి వండి వార్చే మనిషి, నలుగురు పిల్లలను ఎత్తి పెంచిన చేతులు! ఈ మాట మళ్ళీ కాసేపటికి వస్తుంది, గుర్తుంచుకోండి.

మారుకీలుకు మళ్ళీ ప్రాణం పోసింది ఇంగ్లండులో చార్న్‌లీ. 1962లో లోహమూ, గట్టి ప్లాస్టిక్కూ జతచేసి, పళ్ళ డాక్టర్లు వాడే రకం సిమెంటుతో తుంటికీలు నిలబెట్టాడు. అది చూసి అన్ని కీళ్ళ వాళ్ళకూ ఆశ పుట్టింది. మణికట్టుకు వచ్చేసరికి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ అనే ఊళ్ళో స్వాన్సన్ అనే సర్జన్ వేరే దారి పట్టాడు. ఆయన అప్పటికే వేళ్ళకు సిలికోన్ కీళ్ళు పెడుతున్నాడు. 1967లో మణికట్టుకూ పెట్టాడు. అది రబ్బరులాగా వంగే ఒకే ముక్క. రెండు కొసలూ రెండువైపుల ఎముకల బోలులోకి దూరి ఉంటాయి, మధ్యభాగం వంగుతుంది. సిమెంటు అక్కరలేదు, చెయ్యడమూ తేలికే. నొప్పి పోయింది, చెయ్యి కదిలింది. రోగులు సంతోషించారు, సర్జన్లు ఇంకా సంతోషించారు.

కుక్కరు గాస్కెట్టు కొత్తలో ఎంత బాగుంటుందో మనకు తెలుసు. రోజూ వంగి, నలిగి, కొన్నాళ్ళకు చీలిక పడుతుంది. ఆ సిలికోన్ ముక్కకూ అదే గతి పట్టింది. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామందిలో విరిగింది. విరిగినా కొందరికి నొప్పి రాలేదు గాని, అరిగిన పొడి ఎముకలోకి చేరి కొత్త వాపులు తెప్పించింది, ఎముకలో గుంటలు చేసింది. ముఖ్యంగా చేతులతో బాగా పని చేసేవాళ్ళలో తొందరగా పాడైంది.

ఆ లోపలే లోహపు కీళ్ళు వచ్చాయి. 1970ల మొదట్లో స్విట్జర్లండులో మ్యూలీ, అమెరికాలో వోల్జ్ తయారుచేశారు. గిన్నెలో గోళీ తిరిగినట్టు ఒకటి, ఇంకో పోలికలో ఇంకొకటి. ఇక్కడ వచ్చిన చిక్కు లెక్కలది. మణికట్టు ఏ బిందువు చుట్టూ తిరుగుతుందో సరిగ్గా ఆ బిందువు మీద కొత్త కీలు కూర్చోవాలి. వెంట్రుకవాసి తప్పినా చెయ్యి చిటికెనవేలు వైపు ఒరిగిపోయేది. మోచేతివైపు భాగం గట్టిగానే నిలిచేది గాని, అరచేతివైపు భాగం వదులయ్యేది. పెద్ద మేకును మెత్తని చెక్కలో దించి రోజూ ఊపితే ఏమవుతుంది? అదే అయింది. కొందరికి అరచేతి ఎముకను చీల్చుకుని లోహం బయటికి వచ్చింది. మేయో క్లినిక్ వాళ్ళు గోళీకి బదులు కోడిగుడ్డులాంటి కోలతనం ఉన్న కీలు తెచ్చారు. నయమే, కాని అదీ అరచేతివైపే వదులయింది.

1990లలో మెనన్ అనే సర్జన్ అమెరికాలో రూపొందించిన కీలుతో ఆలోచన మారింది. అరచేతిలోకి పొడుగాటి మేకు దించడం మాని, పొట్టిపలకను మణికట్టు చిన్న ఎముకలకు మరలతో బిగించాడు, ఆ ఎముకలను ఒకదానితో ఒకటి అతికేట్టు చేశాడు. ఎముక కోతా తగ్గింది. ఇప్పుడు వాడుకలో ఉన్న కీళ్ళు చాలావరకు ఈ బాటలో వచ్చినవే. పదేళ్ళు దాటి బాగా పనిచేస్తున్నవీ ఉన్నాయి, మధ్యలోనే తీసెయ్యవలసి వచ్చినవీ ఉన్నాయి. తుంటి, మోకాలి కీళ్ళకు ఉన్నంత భరోసా వీటికి ఇంకా లేదు.

ఇక గుర్తుంచుకోమన్న మాట. మణికట్టు మారుకీలు ఎవరికి పనికొస్తుంది అని సర్జన్లు రాసిన చోటల్లా ఒక మాట కనిపిస్తుంది: చేతిని పెద్దగా శ్రమపెట్టనివాళ్ళకు. కీళ్ళవాతం రోగులు వేరే కీళ్ళు కూడా పాడై ఉంటారు గనక, చేతి వాడకం తక్కువ కాబట్టి వాళ్ళకు తగునని లెక్క. కర్మాగారంలో సుత్తి పట్టే మనిషికి వద్దన్నారు. బాగానే ఉంది. మరి ఇల్లాలిది ఏ లెక్క? నిండు బకెట్టు పదిహేను కిలోలుంటుంది. గ్యాసు బండలో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండ బరువు వేరే. మారుకీలు పెట్టాక జీవితాంతం బరువులు ఎత్తవద్దు, ఆ చేతి మీద ఆని లేవవద్దు అంటారు. "ఇంట్లోనే ఉంటాను" అన్న మనిషికి ఆ మాట ఎంతమాత్రం నడుస్తుంది? మా ఆడబిడ్డ డాక్టరుగారు మంచివాడు, తరవాత విడమరచి అడిగి, అన్నీ విన్నాక, "మీకు కీలు కాదమ్మా, అతుకే మేలు" అన్నాడు.

ఇంకొక సంగతి. రోజూ పనులకు మణికట్టు ఎంత వంగాలి అని 1984లో బ్రమ్‌ఫీల్డ్, షాంపూ అనే ఇద్దరు కొలిచారు. చాలా పనులకు కిందికి 10 డిగ్రీలు, వెనక్కి 35 డిగ్రీలు చాలన్నారు. అంటే కొద్దిపాటి కదలిక మిగిలినా బతుకు వెళ్ళిపోతుందన్నమాట. కాని వాళ్ళు కొలిచింది కూజాలోంచి వంచుకోవడం, కత్తితో కోసుకోవడం, టెలిఫోను ఎత్తడం లాంటివి. పచ్చడి కలిపి ముద్ద చేసి నోటికందించుకోవడం, పిండి పిసకడం, చీర కుచ్చిళ్ళు దోపుకోవడం ఆ లెక్కలో లేవు. పైకి చెప్పుకోని పనులు కూడా ఉన్నాయి. నీళ్ళతో శుభ్రం చేసుకునే మనకు ఆ చెయ్యి కిందికి వంగాలి. రెండు మణికట్లూ నిటారుగా అతికిస్తే మనిషి స్నానాలగదిలో పరాధీనమైపోతుంది. అందుకే రెండూ పాడైనవాళ్ళకు ఒకటి అతికించి, ఇంకోదానికి మారుకీలు పెట్టడమో, లేదా రెండోదాన్ని కాస్త వంచి అతికించడమో చేస్తూ వచ్చారు. ఇది సిగ్గుపడవలసిన ప్రశ్న కాదు. డాక్టరు అడక్కపోతే మీరే అడగండి.

అన్నట్టు, ఇందాక 1948 అన్నాను. ఆ ఏడాదిలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో హెంచ్ అనే డాక్టరు మంచం పట్టిన 29 ఏళ్ళ స్త్రీకి కార్టిసోన్ ఇచ్చాడు. వారం తిరక్కుండానే ఆమె లేచి బజారుకు వెళ్ళింది. 1950లో హెంచ్‌కూ, మరి ఇద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. ఎక్కువకాలం వాడితే ఎముకలు గుల్లబారడం మొదలైన అనర్థాలు వస్తాయని ఆ తరువాత తెలిసింది.

అంతకు నెల ముందు, ఆగస్టులో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో కన్నుమూశారు. ఆయన లెడర్లే కంపెనీలో నడిపించిన బృందమే ఫోలిక్ యాసిడ్‌కు విరుగుడు మందులు తయారుచేసింది. వాటిని ప్రయోగశాలలో కూర్చినవాళ్ళలో డోరిస్ సీగర్ అనే స్త్రీ కూడా ఉంది. పిల్లల రక్తపు క్యాన్సరు కోసం మొదలైన ఆ మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. 1951లో గబ్నర్ అనే డాక్టరు దాని తోబుట్టువు లాంటి మందును కీళ్ళవాతానికి వాడి చూశాడు. అందరూ కార్టిసోన్ మోజులో ఉండి పట్టించుకోలేదు. 1980లలో సరైన పరీక్షలు జరిగి, 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి అనుమతి వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట ఇచ్చే మందు అదే. అది వారానికి ఒక్కరోజే వేసుకునే మందు, రోజూ పొరపాటున మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు వాడకూడదు.

1992లో లండన్‌లో, లుధియానాలో పుట్టిన రవీందర్ మైనీ, ఫెల్డ్‌మన్ కలిసి మొదలుపెట్టిన కొత్తరకం సూదిమందులు కూడా వచ్చాక, మణికట్టు నాశనమయ్యేదాకా పోయే రోగులు తగ్గారు. ఆపరేషన్లూ తగ్గాయి. మారుకీళ్ళ సర్జన్లు నూరేళ్ళు కుస్తీపట్టిన చిక్కును చాలామందిలో మందుబిళ్ళే రాకుండా ఆపింది.

అయినా ఆలస్యంగా మందు మొదలైనవాళ్ళూ, మందుకు లొంగనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ ముందు ఇప్పటికీ ఆ రెండు దారులే: కదిలే కీలా, కదలని అతుకా? ఒకటి తెలుసుకోండి. మారుకీలు వదులైతే దాన్ని తీసి, తుంటి ఎముక నుంచి ముక్క తెచ్చి అతికించవచ్చు, కష్టమైన ఆపరేషనే అయినా. ఒకసారి అతికించినదాన్ని మళ్ళీ కదిలే కీలుగా మార్చడం మాత్రం అరుదు. ఏదీ తేల్చుకోలేకపోతే కొందరు సర్జన్లు రెండు మూడు వారాలు మణికట్టు కదలకుండా పట్టీ వేసి పంపిస్తారు, అతుకు ఎలా ఉంటుందో ముందే తెలియడానికి. మీకు చెప్పకపోతే మీరే అడగండి. ఆ వారాల్లో వంటింట్లో, పెరట్లో, స్నానాలగదిలో ఏ పని జరిగింది, ఏది జరగలేదు అని ఒక కాగితం మీద రాసుకుని, మళ్ళీ వెళ్ళేటప్పుడు డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.